క్షమాపణ ఎవరిది? తెలుగు క్రైస్తవ కవిత్వంలో పాపి, బాధితుడు, దైవకరుణ

వ్యాససంగ్రహం

తెలుగు క్రైస్తవ కీర్తన పాపి గొంతును ఎంతో నేర్పుతో తీర్చిదిద్దింది. శతకాల ఆత్మనిందను, పదకర్తల శరణాగతిని స్వీకరించి దైవకరుణను తెలుగు అనుభవంగా మార్చింది. అయితే ఆ పాటలో దేవుడు, పాపి ఇద్దరే మిగిలారు. ఆ పాపం వల్ల నష్టపోయిన మూడో మనిషి క్రమంగా కనుమరుగయ్యాడు. ‘పాపం’, ‘క్షమాపణ’ అనే మాటల అర్థవిస్తారం, కీర్తన నిర్మాణం, బైబిలులోని దావీదు, జక్కయ్యల కథలు, గుర్రం జాషువ ‘గబ్బిలం’, ‘ఫిరదౌసి’ కావ్యాలు ఆధారంగా ఆ మూడో మనిషి జాడను వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దైవకరుణ, క్షమాపణ, పాపసంకీర్తనం, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, పురుషోత్తమ చౌదరి, జాషువ, జన్మపాపం.

ప్రవేశిక

ఉప్పల్, చిలకానగర్, హబ్సిగూడ, నాచారం హైదరాబాదు తూర్పున ఒకదానికొకటి ఆనుకుని పెరిగిన పేటలు. నాచారం పారిశ్రామికవాడలో పనికోసం, ఇళ్ళ నిర్మాణంలో కూలికోసం, పిల్లల చదువులకోసం తెలుగు జిల్లాలన్నిటి నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్ళతోపాటు వాళ్ళ మందిరాలూ వచ్చాయి. నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు, గుంటూరు వైపు లూథరన్లు, మెదక్, డోర్నకల్ ప్రాంతాల సి.ఎస్.ఐ. సభ్యులు, కతోలికులు, ఏ శాఖకూ చెందని స్వతంత్ర సంఘాలవారు రెండు మూడు వీధుల తేడాతో ఆరాధిస్తారు. తెలుగు కతోలిక గురువులను తయారుచేసే సెయింట్ జాన్స్ రీజినల్ సెమినరీ కూడా ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో ఉంది. శాఖలు వేరైనా ఈ ఆరాధనలన్నిటా వినబడే మనవి ఒక్కటే: నేను పాపిని, నన్ను కరుణించు.

ఇక్కడి కతోలిక ఇళ్ళలో తరచుగా కనిపించే పటం ఒకటి ఉంది. క్రీస్తు హృదయం నుంచి ఎరుపు, లేత తెలుపు రంగుల్లో రెండు కిరణాలు వెలువడుతుంటాయి. పోలెండుకు చెందిన ఫౌస్తీనా కోవాల్‌స్కా (1905-1938) అనే మఠకన్య దర్శనాల ఆధారంగా చిత్రించిన రూపమది. 2000లో పోపు రెండో జాన్ పాల్ ఆమెను పునీతురాలిగా ప్రకటించిన సందర్భంలోనే ఈస్టరు తరవాతి ఆదివారం దైవకరుణకు అంకితమైంది. ఎంత ఘోరమైన పాపికైనా ఆ కిరణాల కింద చోటుంటుందన్నది ఈ భక్తిమార్గానికి మూలవిశ్వాసం. ప్రొటెస్టెంటు మందిరాల్లో ఇదే విశ్వాసం శుభ శుక్రవారం నాటి ‘ఏడు మాటల’ ప్రసంగాల్లో వినిపిస్తుంది. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలను ఏడుగురు ప్రసంగికులు ఒకరి తరవాత ఒకరు వివరిస్తారు. మొదటిది తనను చంపుతున్నవారికి క్షమ, రెండోది పక్క సిలువ మీది దొంగకు పరదైసు. తెలుగు మౌఖిక ప్రసంగ ప్రక్రియల్లో ఇంత నియతమైన రూపం ఉన్నవి తక్కువే. దీన్ని సాహిత్య పరిశోధకులు పట్టించుకోకపోవడం మన లోపం.

ఈ వ్యాసం దైవకరుణ సిద్ధాంతంలోని సత్యాసత్యాలను తేల్చడానికి పూనుకోదు. ఆ పని వేదాంతులది. ఆ కరుణను అడిగే తెలుగు మాట ఎలా రూపొందింది, ఆ రూపం ఎవరికి చోటిచ్చింది, ఎవరికి ఇవ్వలేదు అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

రెండేసి అర్థాల మాటలు

తెలుగులో ‘పాపం’ అంటే చేసిన తప్పు. ‘పాపం!’ అంటే జాలి. దొంగతనం పాపం, దొరికిపోయి దెబ్బలు తిన్న దొంగను చూసినప్పుడు నోటివెంట వచ్చేదీ పాపమే. దోషమూ దయా ఒకే మాటలో ఇమిడిపోవడం మనకు అలవాటై గమనించం. క్రైస్తవ ప్రసంగికుడు ‘పాపి’ అన్నప్పుడు తెలుగు శ్రోత చెవిలో నేరారోపణతోపాటు కొంత సానుభూతి కూడా పడుతుంది. కరుణాసిద్ధాంతానికి భాష ముందే వేసి ఉంచిన బాట అది.

‘క్షమాపణ’ ఇంకా చిక్కైన మాట. సంస్కృత వ్యుత్పత్తిని బట్టి అది ప్రేరణార్థకం. ఎదుటివారు క్షమించేలా చేయడం, అంటే మన్నింపు వేడుకోవడం. వాడుక తెలుగు ఈ అర్థాన్నే నిలుపుకుంది. క్షమాపణ చెబుతాం, కోరుతాం. రెండూ తప్పు చేసినవాడి పనులే, రెండింటికీ నష్టపోయినవాడు ఎదురుగా ఉండాలి. తెలుగు బైబిలులో, కీర్తనల్లో మాత్రం క్షమాపణ దేవుడు ఇచ్చేది, మనిషి పొందేది. వీధిలో ‘చెప్పే’ క్షమాపణ మందిరంలో ‘పొందే’ క్షమాపణ అయింది. క్రియ మారగానే ఎదుటి మనిషీ మారిపోయాడు. వీధిలో ఎదుట ఉన్నది పొరుగువాడు, మందిరంలో ఉన్నది దేవుడు. ఒకే మాట రెండు పనులు చేస్తున్నందువల్ల మందిరంలో పొందినవాడికి వీధిలో చెప్పాల్సిన పని కూడా తీరిపోయిందన్న భ్రమ కలగడానికి వీలుంది. ఈ భ్రమను సిద్ధాంతం సమర్థించదు, కానీ భాష అడ్డుకోదు.

కతోలిక పరిభాషలో గురువు ముందు పాపాలు చెప్పుకొనే సంస్కారానికి ‘పాపసంకీర్తనం’ అని పేరు. తెలుగు సాహిత్య విద్యార్థికి సంకీర్తన అనగానే తాళ్ళపాక అన్నమాచార్యులు గుర్తుకొస్తారు. నామాన్ని సంకీర్తించడం తెలుసు, పాపాన్ని సంకీర్తించడమేమిటి? ఈ పేరు పెట్టినవారు ఎవరైనా వారి చెవి మంచిది. మూలధాతువులో గట్టిగా చెప్పడం, ప్రకటించడం అనే అర్థం ఉంది. తప్పును నోరు తెరిచి చెప్పడం కూడా ఒక విధమైన దైవస్తుతేనన్న భావం ఆ పేరులో ధ్వనిస్తుంది. ప్రొటెస్టెంటు ఆరాధనక్రమాల్లోని ‘ఒప్పుకోలు’ అచ్చ తెలుగు మాట. తప్పుకు ఎదురు మాట ఒప్పు. తప్పును ఒప్పుకోవడం అన్న పదబంధంలోనే దిద్దుబాటు మొదలైనట్టుంది. వాడుకలోని ‘అపరాధ రుసుము’ను కూడా ఇక్కడ తలచుకోవాలి. ఆఫీసు గుమ్మం దగ్గర అపరాధానికి ధర ఉంటుంది, కడితే చెల్లు. తప్పుకూ చెల్లింపుకూ గల ఈ సంబంధం తరవాతి చర్చకు అవసరం.

అప్పు తీర్చిన దేవుడు

తెలుగు శ్రోతకు దోషి పక్షాన దేవుడే చెల్లించే కథ క్రైస్తవంతో కొత్తగా రాలేదు. గోల్కొండ ప్రభుత్వంలో తహసీలుదారుగా ఉన్న కంచెర్ల గోపన్న వసూలైన పన్ను సొమ్ముతో భద్రాచలంలో ఆలయం కట్టించి తానీషా చెరలో పడ్డాడు. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు తీసుకున్నారని జనశ్రుతి. భక్తుని బాకీ భగవంతుడు తీర్చడం, అందుకు చెల్లు చీటీ పుచ్చుకోవడం క్రైస్తవ విమోచన సిద్ధాంతాన్ని వివరించే ఏ తెలుగు ప్రసంగికుడికైనా సిద్ధంగా దొరికిన ఉపమానం. రామదాసు శతకంలోని మకుటం రాముణ్ణి కరుణాసముద్రుడిగానే సంబోధిస్తుంది. ధూర్జటి శతకంలో తన జీవితాన్ని తానే ఏవగించుకునే గొంతు ఉంది. 1978లో వచ్చిన క్రీస్తు చరిత్ర చిత్రానికి ‘కరుణామయుడు’ అని పేరు పెట్టినప్పుడు మతభేదం లేకుండా జనం ఆ పేరును అంగీకరించడానికి ఈ సంప్రదాయమే కారణం.

అయితే ఒక తేడా ఉంది. రామదాసు కథలో డబ్బు ఎవరికి చెందుతుందో వారికే చేరుతుంది. రాముడు తానీషాకు చెల్లించాడు. అప్పు ఇచ్చినవాడు, తీసుకున్నవాడు, తీర్చినవాడు ముగ్గురూ కథలో కనిపిస్తారు. క్రైస్తవ కీర్తనలో పాపి బాకీపడింది దేవునికి, తీర్చిందీ దేవుడే. సిద్ధాంతపరంగా ఇది గంభీరమైన ఊహ. కథగా చూస్తే మాత్రం ముగ్గురు ఇద్దరయ్యారు.

ఈ ఇద్దరి సంభాషణను తెలుగులో శాశ్వతం చేసినవారిలో పురుషోత్తమ చౌదరి (1803-1890) ముఖ్యులు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవం స్వీకరించిన చౌదరి రచనలు నేటికీ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనం ద్వారా మందిరాల్లో వినబడుతున్నాయి. ఆ సంకలనంలో పాటలకు రాగతాళాలు సూచించి ఉంటాయి. పల్లవి, చరణాల నడక, ‘త్రాహి’ వంటి సంస్కృత ప్రార్థనాపదాలు, నాథ, నాయక సంబోధనలు వాటిని మన పదసాహిత్యపు చరిత్రలోనే నిలుపుతాయి. మిషనరీల ద్వారా వచ్చిన పాశ్చాత్య బాణీల అనువాద గీతాల పక్కన ఈ కీర్తనలు ఎందుకు నిలిచాయో వేరే చెప్పనక్కర్లేదు.

నా పరిశీలన కీర్తన నిర్మాణానికి సంబంధించినది. ఇటువంటి కీర్తనలో మనవి పల్లవిలో ఉంటుంది. మనవికి కారణాలు చరణాల్లో ఉంటాయి. ప్రతి చరణం తరవాత గాయకుడు మళ్ళీ పల్లవికి రావాలి, అంటే మళ్ళీ అడగాలి. ఐదు చరణాలు పాడినా ఆరోసారి గుమ్మం దగ్గరే నిలబడతాడు. పాపికి తన అయోగ్యతను గుర్తుచేయడానికి ఇంతకంటే తగిన రూపం లేదు. కాని ఈ రూపంలో కథ ముందుకు నడవదు. క్షమ దొరికిన మరునాడు ఆ మనిషి ఏం చేశాడన్నదానికి పల్లవిలో తావు లేదు. ‘కులాచార పరీక్ష’ రాసి కులాన్ని ప్రశ్నించిన చౌదరి సైతం కీర్తనలో వ్యక్తి పాపాన్నే గానం చేయడానికి విశ్వాసం ఎంత కారణమో, ప్రక్రియ కూడా అంత కారణమని నా అభిప్రాయం. సంఘదోషాన్ని వాదించడానికి గద్యం, ఆత్మదోషాన్ని విన్నవించడానికి పదం అన్న పని విభజన మన భక్తిసాహిత్యంలో పాతదే.

నాలుగంతలు

కీర్తనలో లేని మూడో మనిషి బైబిలు కథల్లో ఉన్నాడు. పాపిని గురించిన ప్రార్థనలన్నిటికీ తల్లివంటిది 51వ కీర్తన. దాని శీర్షిక దాన్ని దావీదు జీవితంలోని ఒక ఘట్టానికి ముడిపెడుతుంది. రెండవ సమూయేలు 11, 12 అధ్యాయాల్లో ఆ కథ ఉంది. దావీదు తన సైనికుడు ఊరియా భార్య బత్షెబను రప్పించుకున్నాడు, ఆమె గర్భవతి అయింది, ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టించి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి ధనికుడొకడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని విందు చేసిన కథ చెబుతాడు. దావీదు మండిపడి, కనికరం లేని ఆ మనిషి చావుకు తగినవాడని, గొర్రెపిల్లకు నాలుగంతలు చెల్లించాలని తీర్పు ఇస్తాడు. ఆ మనిషివి నీవేనని ప్రవక్త తేల్చిచెబుతాడు.

ఇక్కడ రాజు నోటివెంట వచ్చిన తీర్పులో కనికరమూ చెల్లింపూ కలిసే ఉన్నాయి. నిర్గమకాండంలోని ధర్మం ప్రకారం దొంగిలించి కోసిన గొర్రెకు నాలుగు గొర్రెలు ఇవ్వాలి. తరవాత ఆ సందర్భానికే చెందినదిగా చెప్పే 51వ కీర్తనలో నాలుగంతల ప్రస్తావన లేదు. పైగా తాను పాపం చేసింది దేవునికి మాత్రమే విరోధంగానని రాజు అంటాడు. వ్యాఖ్యాతలు దీన్ని ఎన్నో విధాల సమర్థించారు. ఏ పాపమైనా అంతిమంగా దేవుని మీది తిరుగుబాటేనన్నది వాటిలో బలమైనది. ఆ సమర్థనను తోసిపుచ్చనక్కర్లేదు. అయినా ఆ కీర్తనలో ఊరియా పేరు శీర్షికలో కూడా లేదు, బత్షెబ అనుభవం గురించి ఒక్క ముక్క లేదు. ప్రపంచంలోని పశ్చాత్తాప గీతాలన్నిటికీ మాతృక అయిన పద్యంలో హతుడు లేడు. తెలుగు కీర్తనకారులు ఈ మాతృకను అనుసరించినప్పుడు దాని అందంతోపాటు ఈ ఖాళీ కూడా సంక్రమించింది.

లూకా సువార్త 19వ అధ్యాయంలోని కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. జక్కయ్య సుంకరి. తెలుగు అనువాదంలో ఆ పేరు అచ్చంగా మన ఊరి మనిషి పేరులా వినిపిస్తుంది. అతడు ఎక్కింది మేడిచెట్టు. మేడి అనగానే వేమన గుర్తుకు రాని తెలుగువాడు ఉండడు. పైకి మెరుస్తూ లోపల పురుగులున్న పండు చెట్టు మీద లోపల దోషమున్న ధనికుణ్ణి కూర్చోబెట్టడం అనువాదకుల ఉద్దేశం కాకపోయినా తెలుగు పాఠంలో కలిసొచ్చింది. క్రీస్తు అతణ్ణి పేరుపెట్టి పిలిచి ఇంటికి వెళతాడు. కరుణ ముందు వచ్చింది, అడక్కుండానే వచ్చింది. ఆ తరవాత జక్కయ్య లేచి తన ఆస్తిలో సగం పేదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని చెబుతాడు. నాతాను కథలో వినిపించిన లెక్క ఇక్కడ చెల్లుబాటైంది.

ఆదివారపు బడి పిల్లలచేత జక్కయ్య పాటలు పాడించని తెలుగు సంఘం అరుదు. నేను విన్నంతవరకు అవి అతడి పొట్టితనం, చెట్టు, యేసు పిలుపుల దగ్గరే ఆగుతాయి. పిల్లలకు చెట్టెక్కడం ఇష్టం, అది సహజమే. పెద్దల ప్రసంగాలు కూడా ఆ చెట్టు దగ్గరే ఆగితే ఆలోచించాలి. కథలోని రూపాయి అణాల లెక్క పల్లవిలో ఒదగదు. హరికథకో బుర్రకథకో అయితే ఒదిగి ఉండేది.

చర్చి శాస్త్రం ఈ లెక్కను మరిచిపోలేదు. 1992 నాటి కతోలిక సత్యోపదేశం పాపవిమోచనం దోషాన్ని తొలగించినా అది కలిగించిన నష్టాన్ని పూడ్చదని, దొంగిలించినదాన్ని తిరిగి ఇవ్వడం, చెరిపిన పేరును నిలబెట్టడం దోషి బాధ్యతేనని స్పష్టం చేస్తుంది. యూదుల మిష్నా మనిషికీ మనిషికీ మధ్య జరిగిన తప్పు ఆ మనిషిని సమాధానపరచనంతవరకు ప్రాయశ్చిత్త దినాన కూడా తొలగదంటుంది. నాజీల కాలంలో ప్రాణమిచ్చిన జర్మన్ వేదాంతి బొన్‌హోఫర్ 1937లో ప్రకటించిన గ్రంథంలో పశ్చాత్తాపం లేని క్షమను చౌకబారు కృపగా తూర్పారబట్టాడు. బలిపీఠం దగ్గర కానుక వదిలిపెట్టి ముందు సోదరుడితో సమాధానపడమన్నది మత్తయి సువార్తలోని క్రీస్తు ఆజ్ఞే. శాస్త్రంలో ఉన్నది పాటలో లేకపోతే ఏమవుతుంది? సామాన్య విశ్వాసి శాస్త్రం చదవడు, పాట పాడతాడు.

జన్మపాపం

ఇంతవరకు చేసిన విమర్శకు గట్టి ప్రతివాదం ఒకటి ఉంది. దాన్ని తేలికగా దాటిపోవడం న్యాయం కాదు.

1878 జులై 3న ఒంగోలు సమీపంలోని వెలంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ నాయకత్వంలో, యెర్రగుంట్ల పేరయ్య వంటి స్థానిక బోధకుల శ్రమతో సాగిన ఉద్యమమది. అప్పటివరకు వారికి సంఘం చెప్పింది అంటు గురించి. అంటు పుట్టుకతో వస్తుంది, దానికి ప్రాయశ్చిత్తం లేదు. కొత్త బోధ చెప్పింది పాపం గురించి. పాపం మనిషి చేసే పని, కాబట్టి దానికి క్షమాపణ ఉంది. ‘అంటరానివాడు’ అన్న పేరుతో పోలిస్తే ‘పాపి’ అన్న పేరు ఒక మెట్టు పైది. ఆ పేరు దొరకూ వర్తిస్తుంది, పురోహితుడికీ వర్తిస్తుంది. అందరూ పాపులే అన్న వాక్యంలో మాలమాదిగలు విన్నది నింద కంటే సమానత్వమే ఎక్కువ.

అయినా భాష ఇక్కడ కూడా అడ్డుతగిలింది. ఆదాము నుంచి మానవజాతికంతటికీ సంక్రమించిన దోషాన్ని కతోలిక తెలుగు ‘జన్మపాపం’ అంటుంది. సిద్ధాంతంలో అది రాజుకూ పేదకూ సమానం. కాని వెలివాడలో పుట్టినవాడు ఆ మాటను ఏ చెవితో వింటాడు? పూర్వజన్మ పాపం వల్లనే ఈ కులంలో పుట్టావని తరతరాలుగా విన్న చెవితో వింటాడు. అదే ధ్వని, రెండు వ్యతిరేకార్థాలు. కె. విల్సన్ 1982లో హైదరాబాదు నుంచి ప్రచురించిన గ్రంథంలో దళిత క్రైస్తవులను రెండుసార్లు పరాయీకరణకు గురైనవారుగా పేర్కొన్నారు. ఆ రెండో పరాయీకరణలో ఇటువంటి మాటల పాత్ర ఎంతన్నది భాషాపరంగా పరిశీలించాల్సిన అంశం. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ దళితవర్గం నుంచి తొలి కార్డినల్ కావడం చరిత్రాత్మకమే. ఆరాధనభాషలో జరగాల్సిన మార్పు దానంతట అది జరగదు.

1985 జులై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగిన తరవాత బాధితులు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చంపినవాళ్ళ పాపం గురించి మాట్లాడవలసిన చోట, చంపబడినవాళ్ళ బంధువులు ఆదివారం నాడు తమ పాపం ఒప్పుకోలుతో ఆరాధన మొదలుపెట్టాలి. క్రమం అలాగే ఉంటుంది. ఆ క్రమం తప్పని నేను అనడం లేదు. బాధితుడు కూడా మరొకచోట దోషి కావచ్చు, మాలమాదిగల ఇళ్ళలోని ఆడవాళ్ళను అడిగితే తెలుస్తుంది. కాని దోషిగా మాట్లాడటానికి ఆ మనిషికి వందల కీర్తనలున్నాయి. అన్యాయం పాలైనవాడిగా దేవునితో మాట్లాడటానికి కీర్తనల గ్రంథంలోని విలాపాలు తప్ప తెలుగు పాట ఎంత దొరుకుతుంది?

నిజానికి సిలువ దృశ్యంలో క్షమించేవాడు బాధితుడే. మొదటి మాటకున్న బలమంతా అందులోనే ఉంది. దెబ్బలు తిన్న నోటితోనే క్షమ పలికింది. శుభ శుక్రవారం మొదటి మాట మీద ప్రసంగించేవారు ఎక్కువగా శ్రోతలను మేకులు కొట్టినవారి పక్షాన నిలబెడతారు. పరిశ్రమలో నెలజీతం ఎగ్గొట్టించుకున్న కూలీ, దొంగతనం అంటగట్టి పనిలోంచి తీసేసిన ఇంటిపనామె ఆ దృశ్యంలో ఎవరికి దగ్గరగా ఉన్నారు? అమెరికాలో నల్లజాతి వేదాంతి జేమ్స్ కోన్ 2011లో సిలువను, నల్లవారిని ఉరితీసిన చెట్టును పక్కపక్కన పెట్టి చదివాడు. తెలుగు ప్రసంగం అటువంటి పఠనానికి ఇంకా చాలా దూరంలో ఉంది.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో భర్త గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు కొడుకులనూ సజీవదహనం చేసినవారిని గ్లాడిస్ స్టెయిన్స్ బహిరంగంగా క్షమించింది. ఆ మాటకు దేశం తలవంచింది. అలా క్షమించే హక్కు ఆమెకుంది, కోల్పోయింది ఆమె కాబట్టి. ఆమె తరఫున మరొకరు ఆ మాట అని ఉంటే అది అపచారమయ్యేది. ఆమె క్షమతో న్యాయస్థానంలోని విచారణ ఆగలేదన్నది కూడా గమనించాలి. సంస్కృత నిఘంటువుల్లో క్షమ అంటే భూమి కూడా, ఓర్పు కూడా. కింద ఉన్నది ఓర్చుకోవాలన్న పాత అర్థం ఈ మాటను వదల్లేదు. కాబట్టి ఎవరిని క్షమించమంటున్నామో అడగకుండా క్షమను కీర్తించడం ప్రమాదం.

జాషువ: ఫిర్యాదు, తిరస్కారం

గుర్రం జాషువ (1895-1971) ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ చర్చకు సహజంగా ఆ కావ్యమే ఆధారమని ఎవరైనా అనుకుంటారు. నా దృష్టిలో జాషువలోని క్రైస్తవ ప్రశ్న బలంగా వినిపించేది క్రీస్తు పేరులేని కావ్యాల్లో.

‘గబ్బిలం’ (1941) నాయకుడు గుడిలోకి పోలేడు, గబ్బిలం పోగలదు. కాశీ విశ్వేశ్వరుని చెవిలో తన కథ చెప్పమని దాన్ని పంపుతాడు. ఇది సందేశకావ్యం. పాపసంకీర్తనం కాదు, దుఃఖసంకీర్తనం. అతడు దేవుణ్ణి మన్నించమనడు, చూడమంటాడు. భక్తుడు దేవునితో మాట్లాడే తెలుగు కవిత్వంలో మాట్లాడేవాడు దోషిగా కాక వాదిగా నిలబడిన అరుదైన సందర్భమిది. పల్లవి దగ్గర చిక్కుకున్న గొంతు ఇక్కడ సుదీర్ఘమైన ప్రయాణం చేసింది. దేశపటం పొడుగునా ఎగిరి దేవుని దగ్గరకు వెళ్ళింది.

అంతకు ముందరి ‘ఫిరదౌసి’ (1932) మరింత నేరుగా మన ప్రశ్నను తాకుతుంది. మహమ్మదు గజనీ పద్యానికో బంగారు నాణెమిస్తానని మాట ఇచ్చాడు. కవి ముప్ఫై ఏళ్ళు శ్రమించి షానామా పూర్తిచేశాడు. సుల్తాను వెండి నాణేలు పంపాడు. కవి మసీదు గోడ మీద తన ఆవేదన రాసి, ప్రాణభయంతో పారిపోయాడు. తరవాత సుల్తానుకు కనువిప్పు కలిగింది, బంగారం పంపాడు. అది చేరేసరికి కవి లేడు. కూతురు ఆ బంగారాన్ని ముట్టలేదు.

సుల్తాను పశ్చాత్తాపం బూటకం కాదు, జాషువ దాన్ని ఎగతాళి చేయడు. జక్కయ్యలాగా అతడు లెక్కప్రకారం చెల్లించడానికి సిద్ధపడ్డాడు. దావీదులాగా ఆలస్యంగా మేల్కొన్నాడు. కాని చెల్లింపు అందుకోవలసినవాడు ఊరియాలాగా మట్టిలో కలిశాడు. అప్పుడు మిగిలిన ఒక్క గొంతు కూతురిది. ఆమె కాదనగలదు. ఆ కాదనడాన్ని జాషువ కాఠిన్యంగా చిత్రించలేదు, ఆమెను క్షమించమని ఏ పాత్రచేతా బతిమాలించలేదు. తెలుగు కవిత్వంలో బాధితపక్షం క్షమను నిరాకరించి, కవి గౌరవాన్ని, పాఠకుని గౌరవాన్ని నిలుపుకున్న సన్నివేశం ఇంతకు మించి నాకు తెలియదు. ఉన్నవ ‘మాలపల్లి’లో కొడుకును పోగొట్టుకున్న రామదాసు చౌదరయ్య మీద కక్ష పెంచుకోడు. ఆ ఔన్నత్యం తరవాత ఆ కుటుంబానికి భూమి మిగల్చలేదు, జైలు తప్పించలేదు. ఈ రెండు కావ్యఘట్టాలను పక్కపక్కన పెట్టి బోధించవలసిన అవసరం ఉంది.

డిగ్రీ తరగతిలో ‘ఫిరదౌసి’ పాఠం చెబుతుండగా ఉప్పల్ వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని, ఆదివారాలు మందిరంలో పాటలు పాడే అమ్మాయి, లేచి అడిగింది. సుల్తానును దేవుడు క్షమించి ఉంటాడా అని ఆమె అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది. ఆమె అడిగింది అది కాదు. దేవుడు సుల్తానును క్షమించి ఉంటే, ఆ సంగతి కూతురికి ఎవరైనా చెప్పారా అని అడిగింది. గంట మోగేదాకా తరగతి దాని మీదే వాదించుకుంది. ఆ అమ్మాయి పక్షాన ఉన్నవారూ ఉన్నారు, కూతురు మొండిదన్నవారూ ఉన్నారు. ఫిరదౌసి గాథల్లో ఆ బంగారం చివరకు బాటసారులు దిగే సత్రానికి ఖర్చయిందని చెబుతారు. కూతురు తీసుకోలేదు, సుల్తాను వెనక్కి తీసుకోలేదు. దారినపోయేవారికి నీడ దొరికింది.